లక్ష్యానికి వ్యతిరేకం నిర్లక్ష్యం

లక్ష్యం గురించి ఎవరు ఉపన్యాసం ఇచ్చినా అర్జునుడి పిట్ట కన్ను వచ్చితీరుతుంది. "నాకు పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనిపించడం లేదు" అన్నాడు కాబట్టి మనమూ పగలూ రాత్రీ గమ్యాన్నే చూస్తూ బతకాలని ముగిస్తారు. ఆదిపర్వంలో ఉన్నది కొంచెం వేరు. చెట్టు చిటారున పెట్టింది శిల్పులు చేసిన బొమ్మ పక్షిని. అర్జునుడు కనిపిస్తోందన్నది దాని తల, కన్ను కాదు. పైగా ఆ చూపు విల్లు ఎక్కుపెట్టాక, గురువు "విడువు" అనబోయే ఒక్క క్షణానిది. ఆ క్షణం వెనక ఉన్న ఏళ్ల సాధనలో అతను చూసుకోవలసి వచ్చింది పక్షి తలను కాదు, తన పిడికిలిని, అల్లెతాడును, కాళ్ల మధ్య ఎడాన్ని.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. కోరికే దుఃఖానికి మూలమన్నాడు బుద్ధుడు. ఫలం మీద ఆశ వద్దంది గీత. ప్రకృతికి ప్రయోజనమంటూ ఏదీ లేదంది సైన్సు. మూడూ ఒకే మాట చెబుతున్నాయి కదా, ఇక లక్ష్యం పెట్టుకోవడం ఎందుకు అని. వినడానికి లోతుగా ఉంటుంది. కానీ ఆ మూడింటిలో ఏదీ ఆ మాట అనలేదు.

మన భాషలోనే దీనికి ఒక ఆధారం ఉంది. "వాడు నన్ను లక్ష్యపెట్టడు" అంటే పట్టించుకోడని. నిర్లక్ష్యం అంటే గమ్యం లేకపోవడం కాదు, చేసేదాని మీద ధ్యాస లేకపోవడం. ఇంటర్ చదివే పిల్లవాడు ఐఐటీ అని గోడ మీద రాసుకుని ఉండొచ్చు. లెక్క మూడో మెట్టులో మైనస్ గుర్తు జారవిడిస్తే మాత్రం అది నిర్లక్ష్యమే. సంస్కృతంలో గురి అనే అర్థమున్న మాట తెలుగువాడి నోట్లో శ్రద్ధ అనే అర్థాన్ని కూడా తెచ్చుకుంది. నా వాదన ఇంతే: లక్ష్యం పని మొదట్లో స్పష్టంగా చెప్పి స్థిరపరచవలసిన విషయం. పని సాగుతున్నంతసేపూ అది శ్రద్ధగా మారి ఉండాలి. అలా మారకుండా లక్ష్యంగానే మనసులో మిగిలిపోతే పని చెడుతుంది.

ముండకోపనిషత్తు ఓంకారాన్ని విల్లుగా, ఆత్మను బాణంగా, బ్రహ్మాన్ని లక్ష్యంగా చెప్పి, వెంటనే "అప్రమత్తేన వేద్ధవ్యం" అంటుంది. ఏమరుపాటు లేకుండా కొట్టాలని. బుద్ధుడి చివరి మాటలుగా పాళీ గ్రంథం అందించినవి "అప్పమాదేన సంపాదేథ". ఏమరకుండా సాధించండి అని. అదే అప్రమాదం. ఒకచోట బ్రహ్మం, ఇంకోచోట అనిత్యత. తత్త్వం దగ్గర రాజీ లేని రెండు దారులు ఈ ఒక్క పదం దగ్గర కలిశాయి.

సంకల్పం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

మన ఇళ్లలో జరిగే పూజ చూడండి. ఆచమనం అయ్యాక సంకల్పం. అందులో ముందు చోటు వస్తుంది: జంబూద్వీపే, భరతవర్షే, మేరోర్దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే. హైదరాబాద్‌లో అయితే వాయవ్య ప్రదేశే. అమెరికాలో మన పురోహితులు క్రౌంచద్వీపే అని మార్చి చెబుతారు. తర్వాత కాలం: సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. తర్వాత కర్త గోత్రం, పేరు. ఆ తర్వాతే ఏ ఫలం కోసమో, ఏ కర్మ చేయబోతున్నామో చెప్పి నీళ్లు వదులుతారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, దేనికి, ఏమిటి. అయిదూ మూసిపెట్టాక మళ్లీ చివరిదాకా ఫలం ప్రస్తావన ప్రధానంగా రాదు. మధ్యలో ఉన్నదంతా విధి. చివర్లో "ఏతత్ఫలం శ్రీపరమేశ్వరార్పణమస్తు" అని అక్షతలతో నీళ్లు విడుస్తారు. కోరింది మొదట్లో, వదిలింది చివర్లో. మధ్య గంటసేపు ఆవాహన తర్వాత ఆసనం, ఆసనం తర్వాత పాద్యం.

వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు దీన్నే శాస్త్రంగా కట్టారు. వేదంలోని విధివాక్యం దేన్నయినా చేయమన్నప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలన్నారు: దేన్ని సాధించాలి, దేనితో సాధించాలి, ఎలా సాధించాలి. సాధ్యం, సాధనం, ఇతికర్తవ్యత. "స్వర్గకామో యజేత" అన్న వాక్యంలో సాధ్యం స్వర్గం, సాధనం యాగం, ఇతికర్తవ్యత ప్రయాజాది అంగాలు, అంటే యాగంలో వరసగా చేసే చిన్న చిన్న ఆహుతుల వంటివి. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోచేది "స్వర్గకామః" అన్న మాటకు వాళ్లు ఇచ్చిన చోటు. అది అధికారికి, అంటే కర్మ చేయదగినవాడికి, విశేషణం. ఆ కోరిక ఉన్నవాడు ఈ పనికి అర్హుడు అని చెప్పడం వరకే దాని పని. కోరిక మనిషిని పీట మీద కూర్చోబెడుతుంది. సమిధ వేసే వేళ్లకు ఏమీ నేర్పదు.

ఇంకో సూక్ష్మం. యాగంలో నీళ్లు తీసుకురావడం ఎలాగూ ఉంది, చమసం అనే చెక్క పాత్రతో తేవాలి. పశువులు కావాలనుకునేవాడు మాత్రం పాలు పితికే పాత్రతో, అంటే గోదోహనంతో తేవాలని ఇంకో వాక్యం. నీళ్లు తేవడం క్రతువు కోసం. ఆ ప్రత్యేక పాత్ర మనిషి కోరిక కోసం. ఒకే చేతిలో ఉన్న ఒకే పనిలో కూడా ఏది పని అవసరం, ఏది నా అవసరం అని విడదీసి చూశారు. మన ఆఫీసుల్లో ఒక నివేదికలోని ఏ పేజీ పని కోసం, ఏ పేజీ పై అధికారి మెప్పు కోసం అని ఎవరైనా ఇలా గీత గీసి చూస్తే చాలా తేలుతుంది.

నిత్యకర్మ, కామ్యకర్మ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సంధ్యావందనం వంటి నిత్యకర్మను యథాశక్తి చేయొచ్చు, ఏదో ఒక అంగం లోపించినా కర్మ నిలుస్తుంది. ఫలం కోరి చేసే కామ్యకర్మకు ఆ వెసులుబాటు లేదు. అన్ని అంగాలూ పూర్తిగా చేయగలిగినవాడే దిగాలి. ఫలం కావాలంటే ఇతికర్తవ్యతలో రాయితీ ఉండదన్నమాట. ఇప్పటి వాడుక సరిగ్గా తలకిందులుగా ఉంది. లక్ష్యం పెద్దదని చెప్పి మధ్యలో మెట్లు దాటేయడానికి అనుమతి తీసుకుంటాం.

మరి గీత సంగతి? "కర్మణ్యేవాధికారస్తే" శ్లోకంలో మొదటి సగమే అందరి నోటా ఉంటుంది. నాలుగో పాదం "మా తే సంగోఽస్త్వకర్మణి", పని మానేయడం మీద కూడా నీకు మమకారం వద్దు అని. లక్ష్యం లేకుండా ఉండమనే ఉపదేశం అయితే ఆ పాదానికి చోటే లేదు. పద్దెనిమిదో అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, దైవం. కర్త అయిదింటిలో ఒకడు. ఫలం మీద అధికారం లేదనడం వైరాగ్య వాక్యం కన్నా ముందు ఒక లెక్క. అయిదింట ఒక్క వాటా ఉన్నవాడు మొత్తం ఫలానికి తానే కారణమనుకుంటే ఆ లెక్క తప్పు.

దీనికి గట్టి ఎదురువాదం మీమాంసలోనే ఉంది. "ప్రయోజనమనుద్దిశ్య న మందోఽపి ప్రవర్తతే" అన్నాడు కుమారిల భట్టు. ప్రయోజనం ఉద్దేశించకుండా మందబుద్ధి కూడా ఒక పనికి పూనుకోడు. ఫలాన్ని వదిలి పని చేయమనడం మనిషి స్వభావానికే విరుద్ధం కదా అన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసేయలేను. నా జవాబు ఆ వాక్యంలోని క్రియలోనే ఉంది. "ప్రవర్తతే" అంటే పూనుకోవడం. పూనుకోవడానికి ప్రయోజనం కావాలన్నాడు. పూనుకున్నాక పనిని నడిపేది ఇతికర్తవ్యత.

ఇసుక, కొమ్ము, కవ్వం

బుద్ధుడు కోరిక వద్దన్నాడన్న మాటలో పొరపాటు సగం అనువాదానిది. పాళీలో తణ్హా వేరు, ఛంద వేరు. రెండింటినీ మనం "కోరిక" అనేశాం. తణ్హా దాహం. ఛంద పూనిక, ఒక పని చేయాలన్న ఇచ్ఛ. సిద్ధికి ఆధారాలుగా చెప్పిన నాలుగింటిలో మొదటిది ఛందమే. తర్వాతవి విరియ (ప్రయత్నం), చిత్త (మనసు), వీమంస (విచారణ).

ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు కోశాంబిలోని ఘోషితారామానికి వచ్చి బుద్ధుడి శిష్యుడు ఆనందుణ్ణి సరిగ్గా ఈ చిక్కే అడిగాడు. కోరికను వదలడానికి మీరీ బ్రహ్మచర్యం పాటిస్తున్నామంటారు, దానికి సాధనంగా మళ్లీ ఛందాన్నే చెబుతారు, కోరికతో కోరికను ఎలా వదులుతారు, దీనికి అంతెక్కడ? ఆనందుడు తిరిగి అడిగాడు: ఈ తోటకు రావాలన్న ఇచ్ఛ నీకు ముందు కలిగింది కదా? తోటకు చేరాక ఆ ఇచ్ఛ ఏమైంది? సద్దుమణిగింది. రావడానికి చేసిన ప్రయత్నం? అదీ సద్దుమణిగింది. నడక పూర్తయితే నడవాలన్న ఇచ్ఛను విడిగా చంపనక్కర్లేదు. ఇంత చిన్న ఉదాహరణతో ఆ చిక్కు విడిపోవడం నాకు చాలా ఇష్టం.

పాళీలోని భూమిజ సూత్రం ఇంకో అడుగు ముందుకేస్తుంది. నూనె కావాల్సినవాడు తొట్టిలో ఇసుక పోసి, నీళ్లు చిలకరించి, ఎంత పిండినా నూనె రాదు. పాలు కావాల్సినవాడు ఈనిన ఆవు కొమ్ము లాగితే పాలు రావు. వెన్న కోసం నీళ్లు చిలికితే వెన్న రాదు. తడి పచ్చి కట్టె మథిస్తే నిప్పు పుట్టదు. ఆశతో చేసినా రాదు, ఆశ లేకుండా చేసినా రాదు, రెండూ కలిసి ఉన్నా రాదు, రెండూ లేకపోయినా రాదు. నువ్వులు పిండితే, పొదుగు పితికితే, పెరుగు చిలికితే, ఎండు కట్టె మథిస్తే నాలుగు స్థితుల్లోనూ వస్తుంది. ఇసుకలో తైలం అనగానే మనకు మూర్ఖుడి మనసు గురించిన పద్యం గుర్తొస్తుంది, కానీ ఇక్కడ గురి వేరు. ఆశ మంచిదా చెడ్డదా అన్న చర్చనే బుద్ధుడు పక్కకు జరిపాడు. ఆశ ఫలానికి కారణాల జాబితాలో లేదు. "నువ్వు గట్టిగా కోరుకుంటే ప్రపంచం మొత్తం నీకు సహకరిస్తుంది" అనేవాళ్లకూ, "నిష్కామంగా ఉంటే చాలు, అదే వస్తుంది" అనేవాళ్లకూ ఇది ఒకటే జవాబు. కొమ్ము పట్టుకున్నవాడి వైరాగ్యం వల్ల కూడా పాలు రావు.

మధ్యంతర లక్ష్యాల గురించి రథవినీత సూత్రం కన్నా స్పష్టంగా ఎవరైనా చెప్పారని నేననుకోను. ప్రసేనజిత్తు రాజు శ్రావస్తి నుంచి సాకేతానికి అత్యవసరంగా వెళ్లాలి. దారిలో ఏడు చోట్ల రథాలు సిద్ధం చేయిస్తారు. మొదటి రథం రెండోదాని దాకా, రెండోది మూడోదాని దాకా. సాకేతం గుమ్మం దగ్గర దిగేది ఏడో రథంలోంచి. సాధనలోని మెట్లూ అంతే: శీలవిశుద్ధి చిత్తవిశుద్ధి వరకే, చిత్తవిశుద్ధి దృష్టివిశుద్ధి వరకే, అలా ఏడు. మొదటి రథమే సాకేతం చేర్చిందంటే అబద్ధం. రథాలేవీ అక్కర్లేదంటే సాకేతమే లేదు. ప్రతి మెట్టుకూ దాని తర్వాతి మెట్టే లక్ష్యం. మొదటి రథం తోలేవాడు సాకేతం గోపురాల వైపు చూస్తూ కూర్చుంటే రెండో రథం నిలిపిన చోటు దాటిపోతాడు.

అయితే నిర్వాణాన్నే లక్ష్యంగా పట్టుకుంటే? సంప్రదాయం మన శ్రీపర్వతంతో ముడిపెట్టే నాగార్జునుడు ఈ తలుపు కూడా మూసేశాడు. "నేను ఉపాదానం (పట్టు) లేనివాడినై నిర్వాణం పొందుతాను, నిర్వాణం నాదవుతుంది" అని పట్టుకున్నవాళ్లదే మహా ఉపాదానం అంటాడు మూలమధ్యమకకారికలో. లక్ష్యం మంచిదైనంత మాత్రాన పట్టు సడలదు. లక్ష్యం ఎంత గొప్పదైతే పట్టు అంత కనపడకుండా ఉంటుంది.

గుండె లయ కుదిరింది, మనుషులు పోయారు

సైన్సు దగ్గర రెండు ప్రశ్నలను కలిపేస్తుంటారు. ప్రకృతికి లక్ష్యం ఉందా అన్నది ఒకటి. దాని గురించి క్లుప్తంగా: 1859లో డార్విన్ తర్వాత కన్ను చూడటం "కోసం" తయారైందనాల్సిన అవసరం పోయింది. అయినా జీవశాస్త్రజ్ఞులు ఆ "కోసం"ను మానలేకపోయారు కాబట్టి 1958లో పిట్టెండ్రిగ్ టెలియోనమీ అనే మాట తెచ్చాడు. ముందుచూపు లేకుండానే లక్ష్యం ఉన్నట్టు నడిచే వ్యవస్థ అని అర్థం. అంతకుముందు 1943లో రోసెన్‌బ్లూత్, వీనర్, బిగెలో ఇంకో దారి చూపారు: తేడాను కొలిచి, ఆ తేడాను తగ్గించే దిశగా తనను తాను సవరించుకునే దేన్నయినా ప్రయోజనం గల యంత్రం అనొచ్చు. ఫ్రిజ్‌లోని థర్మోస్టాట్ అలాంటిదే. దానికి ఆశ లేదు.

మనకు ముఖ్యమైనది రెండో ప్రశ్న. పరిశోధన చేసేవాడు తన లక్ష్యాన్ని ఎక్కడ ఉంచాలి? దీనికి నాకు తెలిసినంతలో అత్యంత బాధాకరమైన పాఠం అమెరికాలో జరిగిన కాస్ట్ (CAST) అనే మందుల పరీక్ష. గుండెపోటు వచ్చి బతికినవారిలో కొందరికి గుండె దిగువ గదుల్లో అదనపు స్పందనలు పడుతుంటాయి. అవి ఎక్కువగా ఉన్నవారు ఎక్కువగా చనిపోతున్నారని తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ స్పందనలను బాగా అణచేస్తాయని కూడా తెలుసు. కాబట్టి మందు ఇస్తే మరణాలు తగ్గాలి. అసలు లక్ష్యం ప్రాణం. చేతికందే లక్ష్యం ఈసీజీ మీద గీత.

పరీక్షలో ముందు అందరికీ మందు ఇచ్చి చూసి, ఎవరిలో అదనపు స్పందనలు నిజంగా తగ్గాయో వారినే తీసుకున్నారు. అంటే చేతికందే లక్ష్యం ముందే నెరవేరింది. తర్వాత వాళ్లను చీట్లు తీసినట్టు రెండు గుంపులు చేశారు. 755 మందికి అసలు మందు, 743 మందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, మందిచ్చే డాక్టరుకూ తెలియదు. సగటున 10 నెలలు గడిచేసరికి అసలు మందు గుంపులో 63 మంది, ఉత్తుత్తి మాత్ర గుంపులో 26 మంది చనిపోయారు. 1989 ఏప్రిల్‌లో ఆ రెండు మందులూ ఆపేశారు. గీత చక్కబడింది, మనిషి పోయాడు.

ఇలాంటి అనుభవాల వల్ల వైద్య పరీక్షల్లో ఒక క్రమం గట్టిపడింది. ప్రధాన ఫలితం ఒక్కటే ఎంచుకోవాలి. దాన్ని దేనితో, ఎన్ని నెలలకు కొలుస్తారో రాయాలి. ఎంతమంది రోగులు కావాలో ఆ ఒక్క ఫలితాన్ని బట్టే లెక్కకట్టాలి. మొదటి రోగిని చేర్చుకోకముందే ఇదంతా బహిరంగంగా నమోదు చేయాలి. మన దేశంలో ఇలాంటి పరీక్షల నమోదు పట్టిక సీటీఆర్ఐ 2007 జులైలో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి అయింది. ముందుగా రాయకపోతే ఏమవుతుందో చిన్న లెక్క చెబుతుంది. ఏ ప్రభావమూ లేని మందుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 ఫలితాలు కొలిచి, ఒక్కొక్కదానికీ నూటికి 5 పొరపాటు అవకాశం ఒప్పుకుంటే, కనీసం ఒకటైనా "పనిచేసింది" అని తేలే అవకాశం నూటికి 64. తర్వాత ఆ ఒక్కదాన్నే మా లక్ష్యం అని చెప్పుకోవచ్చు. బాణం వేశాక దాని చుట్టూ వలయం గీయడం ఇదే.

సంకల్పాన్ని మొదట్లోనే గోత్రనామాలతో సహా చెప్పి నీళ్లు వదలడానికీ, ఈ నమోదుకూ పోలిక నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరికి ఏ మాత్ర వెళ్తోందో తెలియకుండా డాక్టరు కళ్లకు కట్టే గంతలో ఇంకా లోతైన పోలిక ఉంది. మందు పనిచేయాలన్న ఆశ పరిశోధకుడిలో తప్పకుండా ఉంటుంది. నీ మనసులోంచి ఆ ఆశ తీసేయమని విజ్ఞానం అడగదు. ఆశ ఉన్నా అది కొలతను తాకలేని ఏర్పాటు చేస్తుంది. గీత సాధనతో సంపాదించమన్న దాన్ని ఇక్కడ పద్ధతితో కట్టారు. సామాన్యుడికి రెండోదే ఎక్కువ నమ్మదగినదని నా అభిప్రాయం.

పోలిక ఆగే చోటు

ఇంతదూరం వచ్చాక "మన పూర్వులకు ఇవన్నీ తెలుసు" అనేస్తే అది పూర్వులకూ విజ్ఞానానికీ కూడా అన్యాయం. పుత్రకామేష్టి చేసినా కొడుకు పుట్టకపోతే వేదవాక్యం అబద్ధం కాదా అన్న ఆక్షేపణను మన ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథం న్యాయసూత్రాలు నిజాయితీగా ఎత్తాయి. జవాబు: కాదు, కర్మలోనో కర్తలోనో సాధనంలోనో లోపం ఉండొచ్చు. ఫలం రాకపోతే పొరపాటు మెట్లలో వెతకాలన్నంత వరకు ఇది మంచి సలహా, ఏ ప్రయోగశాలలోనైనా మొదట చేసేది అదే. కానీ మెట్లన్నీ సరిగ్గా ఉండి కూడా ఫలం రాకపోతే వాక్యాన్నే సందేహించాలన్న తలుపు అక్కడ లేదు. కాస్ట్‌లో ఆ తలుపు తెరిచారు. మందు వేళకే వేశారు, స్పందనలు తగ్గాయి, అయినా మనుషులు పోయారు. అందుకే "స్పందన తగ్గితే ప్రాణం నిలుస్తుంది" అన్న వాక్యమే కూలింది. లక్ష్యానికీ సాధనానికీ మధ్య ఉన్న నమ్మకం కూడా పరీక్షకు నిలబడాలనడం విజ్ఞానం కొత్తగా తెచ్చింది.

నా వాదననే ఇబ్బంది పెట్టే ప్రయోగం ఒకటుంది. 2011లో లెహ్‌మన్, స్టాన్లీ కంప్యూటరులో చిట్టి రోబోలను చిక్కుదారిలో వదిలి, తరతరాలుగా మెరుగుపరిచారు. ఒక పద్ధతిలో ద్వారానికి ఎంత దగ్గరగా ఆగితే అంత ఎక్కువ మార్కులు. ఇంకో పద్ధతిలో ద్వారం ఊసే లేదు, ఇంతకుముందు ఎవరూ ఆగని చోట ఆగితే మార్కులు. కష్టమైన చిక్కుదారిలో మొదటి పద్ధతి 40 సార్లకు 3 సార్లు గెలిచింది, రెండోది 39 సార్లు. కారణం సులువే. ద్వారానికి ఒక్క గోడ అడ్డంగా ఉన్న మూసుకుపోయిన సందు, దూరం ప్రకారం "దగ్గర". అసలు దారి ముందు ద్వారానికి దూరంగా వెళ్లి తిరిగి వస్తుంది. దూరాన్ని కొలుస్తూ నడిచేవాడు ఆ మలుపు తీసుకోలేడు.

అంటే మొదట్లో లక్ష్యం చెప్పడం కూడా తప్పేనా? నేనలా అనుకోవడం లేదు. రోబోలు చిక్కుదారిలో ఉండటం, ద్వారం చేరితే గెలుపు అనుకోవడం ఆ పరిశోధకుల సంకల్పమే. వాళ్లు తీసేసింది అడుగడుగునా దూరం కొలిచే అలవాటును. కానీ కొన్ని పనుల్లో, ముఖ్యంగా దారి ఎవరికీ తెలియని పరిశోధనలోనూ కళలోనూ, ఇతికర్తవ్యత ముందే రాసి ఉండదు. అక్కడ కామ్యకర్మ నియమం వర్తించదు, రథాలు ఎక్కడెక్కడ నిలిపారో కూడా తెలియదు. ఆ పనులకు నా వాదన సగమే సరిపోతుందని ఒప్పుకుంటున్నాను.

అలాంటి పనికి కూడా నప్పే ఉపమానం పాళీ నావా సూత్రంలో దొరుకుతుంది. పిల్లలు బయటికి రావాలని కోడిపెట్ట కోరుకున్నా కోరుకోకపోయినా, గుడ్లను సరిగ్గా పొదిగితే అవి పెంకు పగలగొట్టుకుని వస్తాయి. ఆ తర్వాత వడ్రంగి బాడిసె గురించి చెబుతుంది. పిడి మీద అతని వేళ్ల గుర్తులు, బొటనవేలి గుర్తు కనిపిస్తూ ఉంటాయి. ఈరోజు ఇంత అరిగింది, నిన్న ఇంత అరిగింది, మొన్న ఇంత అని అతనికి తెలియదు. అరిగిపోయినప్పుడు మాత్రం అరిగిపోయిందని తెలుస్తుంది.